అక్టోబరంతా తడిసిన రాళ్ళు

నేను గీసుకెళ్ళిన బొమ్మ నాకు చాలా నచ్చింది.
ఆరు మీటర్ల వెడల్పు, పదకొండు పొడవు,
నాలుగు గీతలు, ఒక చెట్టు, మిగతాదంతా ఖాళీ.
గోడెలీవ్ ఆ కాగితాన్ని తిరగేసి
వెనకవైపు సంత చిట్టా రాసుకుంది.
"బొమ్మ తర్వాత. ముందు రాళ్ళు పట్రా" అంది.

గెంట్ ఊళ్ళో ముప్ఫైయొక్కేళ్ళు ట్రామ్ నడిపిన మనిషి.
ఎంత తడికి ఎంత దూరం జారుతుందో
అరికాలితో చదువుకున్నది.

వంటింటి గుమ్మం బయట, గడ్డి మీద
నమూనాలు పరిచాను:
సిమెంటు వేషం కట్టిన పింగాణీ పలక,
రాజస్థాన్‌లో ఓడెక్కిన ఇసకరాయి,
తుప్పునే చొక్కాగా తొడుక్కున్న ఉక్కు బద్ద,
మాడేదాకా కాల్చిన ఇటుక, వంకాయ రంగుది,
వలోనియా గనుల నల్లనీలి రాయి,
బకెట్టుడు కంకర.
నా ఓటు కంకరకే.
చవక. ఎంత వానైనా తాగుతుంది. ఫోటోలో బాగుంటుంది.

ఆమె దేన్నీ మెచ్చుకోలేదు, దేన్నీ వద్దనలేదు.
ఒక్కోదాని మీద
ఆల్చిప్పలు ఉడికించిన నీళ్ళు ఒక చెంచా,
సైకిలు గొలుసు నూనె ఒక చుక్క,
బీట్‌రూట్ రసం, పక్కింటి పిల్లాడి ఐస్‌క్రీమ్.
"నెలాగి రా."

నెలంతా వాన.
ఎవరెవరి తోటలో గీస్తూ కూర్చున్నానే గానీ
ఫలితాలు రావలసిన విద్యార్థిలా
మనసంతా ఆ మరకల మీదే.

వెళ్ళేసరికి పింగాణీ మీద ఒక్క మచ్చ లేదు.
"పదేళ్ళకైనా ఇలాగే ఉంటుంది" అన్నాను గర్వంగా.
"అదే నా భయం.
నేను ముడతలు పడుతుంటే
ఇది కొత్త పెళ్ళికూతురిలా చూస్తూ కూర్చుంటుందా?"

ఇసకరాయి బీట్‌రూట్ మింగి
జామ్ సీసా దగ్గర దొరికిన పిల్లాడి మూతిలా ఉంది.
ఉక్కు బద్ద తన రంగును ఇరుగుపొరుగుకి పూసింది.
కంకరలోకి పిల్లి వచ్చి వెళ్ళింది,
ఎందుకో చెప్పనక్కర్లేదు.

అప్పుడు వచ్చాడు ఫిర్మిన్, ఆమె తమ్ముడు,
చక్రాల కుర్చీలో.
ప్రతి ఆదివారం వస్తాడట.
ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.
ఎంత వెడల్పు అని అడిగాను, ఎంత ఎండ అని అడిగాను,
ఎవరు వస్తారని అడగలేదు.

కంకర బకెట్టు నేలమీద కుమ్మరించి
"రా, తొక్కి చూడు" అంది తమ్ముడితో.
రెండు చక్రాలూ కూరుకుపోయాయి.
"ఓస్టెండ్ ఇసకలో ఇలాగే ఇరుక్కున్నాను,
అక్కడ కనీసం సముద్రం ఉంది" అన్నాడు ఫిర్మిన్,
నావైపు చూడకుండానే.

ఆమె ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి
నల్లనీలి రాయి మీద వొంపింది.
తడిసిన నలుపులోంచి తేలాయి తెల్లటి సున్నాలు, తెగిన కాడలు:
మనిషనేవాడు లేని కాలంలో
వెచ్చటి నీటి అడుగున ఊగిన సముద్రపు కలువలు.
"ఇదుగోరా నీ సముద్రం."
ఫిర్మిన్ వంగి, వేలితో ఒక సున్నా చుట్టూ తిరిగాడు.
ఆల్చిప్పల నీళ్ళ మరక ఎక్కడుందో
ముగ్గురం వెతికాం. దొరకలేదు.

ఈ రాయి. అంచులకు ఆ ఇటుక. అంతే.
"మూడోది ఏదైనా..." అని నసిగాను.
"ఇది పెరడు, నీ దుకాణం కాదు."

నీరు పల్లమెరుగు. ఆ పల్లం ఎంతో తేల్చాల్సింది మాత్రం మేమే.
మీటరుకి రెండు సెంటీమీటర్లు అన్నాను నేను,
ఒకటిన్నర చాలు, చక్రాలున్నాయి అంది ఆమె.
గులక మట్టసంగా దిమ్మిస చేసి, ఇసక పరిచి,
దారం కట్టి, మార్చి చివరికి పూర్తిచేశాం.
కొలత ఒకటిన్నరే.

చివరి బిల్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు
ఫ్రిజ్ తలుపు మీద నా బొమ్మ కనిపించింది,
చిట్టా పైకి ఉండేలా:
ఉల్లికాడలు, వెన్న, బల్బు ఒకటి.

బయట ఫిర్మిన్ బ్రేకు వేయడం మరిచిపోయాడు.
కుర్చీ తనంతట తాను, చాలా నెమ్మదిగా,
చెట్టు వైపు కదులుతోంది.
గోడెలీవ్ కాఫీ తాగుతూ, తల తిప్పకుండా,
ఒక కాలు అడ్డం పెట్టింది.